మా పుంటి బొండలు, జమైకా సర్బత్

కాగజ్‌నగర్ అంగడిల వానకాలమంత పుంటికూర కట్టలే. పప్పుల ఏస్తం, ఎల్లిపాయ పచ్చిమిర్చి పెట్టి తొక్కు నూరుతం, జొన్న రొట్టెల నంజుకుంటం. చెట్టు పూతకొచ్చిందంటే ఆకు ముదిరిందని మాలో చాలమంది దాని దిక్కు చూడరు. అట్లా చేన్ల గట్ల మీద ఎండిపోయే ఎర్ర బొండలనే జమైకాల క్రిస్మస్‌కు ఏరికోరి కొనుక్కుంటరు.

మా చిన్నాడబిడ్డ లండన్‌ల నర్సు. తనతోని పనిచేసే జమైకామె డిసెంబర్‌ల సీసా నిండ ఎర్రటి సర్బత్ తెచ్చిందట. ఒక గుక్క తాగి, "వదినా, ఇది మన పుంటికూర పులుపే" అని ఫోన్ చేసింది. నిజమే, చెట్టు అదే. శాస్త్రం పుస్తకాలల్ల హైబిస్కస్ సబ్దరిఫా అని ఉంటది, జమైకాల సోరెల్ అంటరు. ఆఫ్రికా నుంచి బానిసలుగ మనుషులను తోలుకపోయిన కాలంల ఈ చెట్టు కూడ సముద్రం దాటింది. 1707 నాటికే అది జమైకాల ఉన్నట్టు రాతలున్నయి.

ఈ చెట్టుకు పొద్దు చిన్నగైతెనే పూత. భూమధ్యరేఖకు ఉత్తరాన జమైకా 18 డిగ్రీల దగ్గర ఉంటే, కాగజ్‌నగర్ 19 డిగ్రీలు దాటి ఉన్నది. రెండు చోట్ల పగళ్లు దాదాపు ఒక్కతీరుగనే తగ్గుతయి. అందుకే వాళ్లకు క్రిస్మస్ ముంగట, మనకు సంక్రాంతి ముంగట బొండలు చేతికొస్తయి.

బొండల ఎర్రగ కండపట్టి కనవడేవి పువ్వు రేకులు కావు. రేకులు ఒక్కరోజుల వాడిపోతయి. వాటి కింద ఉండే రక్షకపత్రాలు ఉబ్బి, గింజకాయను చుట్టుకుంటయి. సర్బత్‌కు కావాల్సిన పులుపు, రంగు ఈ దొప్పలల్లనే. గోగునార కోసం ఏసే రకానికి ఈ దొప్పలు సన్నగ, పీచుగ ఉంటయి, వాటితోని పెద్దగ పనిగాదు. దొప్పలు మందంగ ఉండే ఎర్రకాడ పుంటినే చూసుకోవాలె.

చేసుడు కష్టమేం లేదు. గింజకాయ తీసేసి దొప్పలు కడుగుతరు. అల్లం దంచి, రెండు లవంగాలు కలిపి, సలసల మరిగే నీళ్లు పోసి మూతపెట్టి రాత్రంత ఉంచుతరు. తెల్లారి వడగట్టి చక్కెర కలుపుతరు. జమైకోళ్లు నారింజ తొక్క, వాళ్ల దేశపు పిమెంటో గింజలు కూడ ఏస్తరు, పెద్దలకైతే రమ్ము పోస్తరు. చెరుకుతోటల దేశం, రమ్ముకు కొదువేంది! ఒక్క మాట మాత్రం గుర్తువెట్టుకోవాలె. అల్యూమినియం గిన్నెల నానబెట్టొద్దు, పులుపు గిన్నెను తింటది. స్టీలో, గాజో, పింగాణో కావాలె.

ఆ చెరుకుతోటలకు మనవాళ్లకూ లంకె ఉన్నది. 1838ల బానిసత్వం పూర్తిగ పోయినంక, తోటల యజమానులు మన దేశం నుంచి కూలీలను ఒప్పందం మీద తెప్పించుకున్నరు. కలకత్తాల బయలెల్లిన బ్లండెల్ అనే మొదటి ఓడ 1845 మే 10న జమైకా చేరింది. 1917 దాక దాదాపు 36 వేల మంది పోయిన్రు, మద్రాసు రేవు నుంచి ఎక్కినోళ్లు కూడ ఉన్నరు. వాళ్లు వండుకున్న మసాల మేకకూర ఇయ్యాల ఆ దేశంల విందులకు తప్పనిసరి. ఇంకోటి, అక్కడ పొద్దున నాష్టకు వండే కలలూ ఆకు మన చిలకతోటకూరే. ఉల్లిగడ్డ, టమాట ఏసి, ఉప్పుచేపతోని ఉడికిస్తరు. మా ఈస్‌గాం దిక్కు బెంగాలీ క్యాంపులల్ల చేపతోని ఆకుకూర వండుకునేటోళ్లకు ఈ వంట చెప్తే, ఇందులో కొత్తేమున్నదంటరేమో!

బొండలతోని వంట నేర్వాలంటే లండన్ దాక పోనక్కర్లే. వార్ధా నది దాటితే చంద్రపూర్ జిల్లా. అక్కడ పుంటిని అంబాడి అంటరు. బొండలతోని చట్నీ నూరుతరు, సర్బత్ చేస్తరు. పేపర్ మిల్లు పుణ్యమా అని ఆ దిక్కు కుటుంబాలు మా ఊర్ల ఎన్నో ఉన్నయి. 1942ల కాగితం మొదలువెట్టిన మిల్లు 2014ల ఆగింది, 2018ల మళ్ల నడిచింది. మిల్లు కోసం వచ్చినోళ్లు, ఆగినా ఊరు ఇడువనోళ్లు, వాళ్ల వంటలన్నీ ఒక్క గల్లీలనే కలిసిపోయినయి. మా ఎనుక ఇంటి మరాఠీ అక్క, బొండలను నూనెల మగ్గించి, ఎల్లిపాయ, ఎండుమిర్చి, బెల్లం కలిపి నూరితే నేను అన్నమంత దానితోనే తింట.

జూన్‌ల గింజలేసినప్పుడు పెరటి అంచున నాలుగు మొక్కల ఆకు తెంపకుంట వదిలేస్తె చాలు, ఒక ఇంటికి సరిపడ బొండలు కాస్తయి. నీడకు ఎండవెట్టి డబ్బల పోసుకుంటె ఎండకాలం దాక ఉంటయి. మే నెలల మా దగ్గర ఎండ సంగతి చెప్పేదేముంది, పొద్దుగాల అంబలి, పగటిపూట ఈ ఎర్రనీళ్లు. చక్కెర ఏస్తే మాణిక్యం రంగు నిలుస్తది, బెల్లమేస్తే మడ్డిగైతది. నాకైతే బెల్లం రుచే కావాలె, అల్లం ఘాటుకు అదే జోడు. మా ఆయన రంగు జూసి, "చాయ్ చల్లారిపోయింది, మళ్ల కాగవెట్టు" అంటడు.