సూర్యుడు రేగాడు... సాలు తప్పింది!

సాలు వంకరపోతే మేడి పట్టినవాణ్ణి తప్పుపట్టడం మన పల్లెల్లో మామూలే. కాని 2024 మే నెలలో అమెరికా రైతులకు ఆ చిక్కు తెచ్చిపెట్టింది సాక్షాత్తు సూర్యుడే!

అక్కడి పెద్ద కమతాల్లో విత్తనం వేసే ట్రాక్టర్లకు ఉపగ్రహాలే దారి చూపుతాయి. దగ్గరలోని స్థావరం పంపే సవరణలు కూడా అందుకుని, సెంటీమీటర్ల తేడాతో సాళ్లు వేస్తాయి. మే 10న ఆ ఏర్పాటు కాస్తా గాడి తప్పింది. సరిగ్గా మొక్కజొన్న విత్తే అదను! సాళ్లు అటూ ఇటూ పడితే తర్వాత వచ్చే యంత్రాలు మొక్కలను తొక్కేస్తాయి. అందుకే కొందరు రైతులు పని ఆపి కూర్చోవలసి వచ్చింది.

ఎందుకిలా?

జి.పి.ఎస్. ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. కనీసం నాలుగింటి నుంచి రేడియో సంకేతాలు ఎంతసేపట్లో చేరాయో లెక్కకట్టి, మనం ఎక్కడ ఉన్నామో యంత్రం చెబుతుంది. ఈ లెక్కలో సెకనులో పది లక్షలవ వంతు తేడా వస్తే దూరంలో 300 మీటర్లు తప్పినట్లే.

ఆ సంకేతం ఐనోస్ఫియర్ అనే పై పొరను దాటి రావాలి. సూర్యకిరణాల తాకిడికి అణువుల నుంచి విడిపోయిన ఎలక్ట్రాన్లు ఉండే చోటు అది. అవి ఎక్కువైన కొద్దీ సంకేతం ఆలస్యమవుతుంది. సూర్యునిపై జ్వాల ఎగసినప్పుడు ఎక్స్ కిరణాలు ఎనిమిది నిమిషాల పైచిలుకులో ఇక్కడికి చేరి, పగలున్న వైపు ఎలక్ట్రాన్లను పెంచేస్తాయి.

జ్వాలతోపాటు తరచుగా వెలువడే విద్యుదావేశ మేఘాల దెబ్బ మరీ పెద్దది. అవి ఒకటి నుంచి మూడు రోజుల్లో వచ్చి భూమి అయస్కాంత క్షేత్రాన్ని ఢీకొంటాయి. పై పొర చోటుకో తీరుగా మారిపోతుంది. స్థావరం పంపే సవరణ పొలంలోని ట్రాక్టరుకు పొసగదు. 2024 మేలో జరిగింది ఇదే. అన్నిటికన్నా తీవ్రమైన జి-5 స్థాయి తుపాను 2003 అక్టోబరు తర్వాత రావడం అదే మొదలు.

మన సంగతి

మన దేశం భూమధ్యరేఖకు చేరువ. అందువల్ల మామూలు రోజుల్లోనే పొద్దుగుంకాక పై పొరలో బుడగల వంటివి లేచి సంకేతాన్ని కుదుపుతుంటాయి. తిరుపతి సమీపాన గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన సంస్థ రాడారుతో వీటిని పరిశీలిస్తోంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 పని సూర్యుణ్ణి గమనించడమే.

నేడు మన పొలాల్లో మందు చల్లే డ్రోన్లూ, వేటకు వెళ్లే మరపడవలూ ఉపగ్రహాలనే నమ్ముకున్నాయి. నడిసముద్రంలో పది మీటర్ల తేడా లెక్కలోనిది కాదు. సంకేతమే ఆగిపోతే మాత్రం రేవు దారి ఎవరు చూపాలి? వాయుగుండం కబురులాగే సూర్యుని తుపాను కబురూ ముందుగా రేవుకూ, పొలానికీ చేరాలి. అంతవరకు పడవలో పాత దిక్సూచిని పారేయకుండా ఉంచుకోవడమే మేలు.