31 అంతస్తుల భవనానికి ఆడిటర్ పేరు.. ఎందుకు పెట్టారు? మన కాగ్‌తో పోలిస్తే ఎలా ఉంటుంది?

ప్రభుత్వ భవనాలకు సాధారణంగా ఎవరి పేర్లు పెడతారు? ముఖ్యమంత్రులు, స్వాతంత్ర్య సమరయోధులు, మహా అయితే ఒక శాస్త్రవేత్త. ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే ఆడిటర్ పేరు మాత్రం గోడ మీద కనిపించడం చాలా అరుదు. ఆయన పనే అలాంటిది. బాగా చేస్తే అధికారంలో ఉన్నవాళ్లకు నచ్చదు, సరిగా చేయకపోతే జనానికి తెలియదు.

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో మాత్రం అలాంటి భవనం ఒకటుంది. రాజధాని నాష్‌విల్‌లో, శాసనసభకు దగ్గర్లోనే ఉన్న 31 అంతస్తుల ప్రభుత్వ కార్యాలయ భవనం పేరు ‘విలియం ఆర్. స్నాడ్‌గ్రాస్ టెన్నెసీ టవర్’.

ఎవరీ స్నాడ్‌గ్రాస్?

ఆయన టెన్నెసీ రాష్ట్ర కంప్ట్రోలర్. 1955లో ఆ పదవి చేపట్టి 1999 వరకు, అంటే 44 ఏళ్లు కొనసాగారు. ఆ కాలంలో ఏడుగురు గవర్నర్లు మారారు. వారిలో నలుగురు డెమోక్రాట్లు, ముగ్గురు రిపబ్లికన్లు.

ఆ ఏళ్లన్నీ ప్రశాంతంగా ఏమీ గడవలేదు. ఖైదీల క్షమాభిక్షలను అమ్ముకుంటున్నారన్న ఆరోపణల నడుమ, 1979 జనవరిలో గవర్నర్ రే బ్లాంటన్ గడువు ఇంకా మూడు రోజులు ఉండగానే కొత్త గవర్నర్ లమార్ అలెగ్జాండర్ చేత ప్రమాణం చేయించాల్సి వచ్చింది. గవర్నర్ కుర్చీలో మనిషి మారినా లెక్కలు చూసే కుర్చీలో మనిషి మారలేదు.

స్నాడ్‌గ్రాస్ 2008లో మరణించారు. అమెరికాలో ప్రభుత్వ ఆర్థిక నిర్వహణ రంగంలోని వారికి ఇచ్చే ఒక ప్రముఖ అవార్డు కూడా ఆయన పేరు మీదే ఉంది.

కంప్ట్రోలర్ అంటే ఏం చేస్తారు?

టెన్నెసీలో కంప్ట్రోలర్ కార్యాలయం రాష్ట్ర శాఖల ఖర్చులను ఆడిట్ చేస్తుంది. కౌంటీలు, పట్టణాల లెక్కల మీద కూడా కన్నేసి ఉంచుతుంది. ప్రజాధనం దుర్వినియోగమవుతోందని అనుమానం వస్తే ఎవరైనా ఫిర్యాదు చేసేందుకు ఉచిత ఫోన్ లైన్ నడుపుతుంది. ఆడిట్ నివేదికలను తన వెబ్‌సైట్‌లో పెడుతుంది.

అయితే పదవి పేరు ఒకటే అయినా అన్ని రాష్ట్రాల్లో పని ఒకటే కాదు. మేరీల్యాండ్ రాజధాని అనాపొలిస్‌లోని ట్రెజరీ భవనానికి లూయిస్ ఎల్. గోల్డ్‌స్టీన్ పేరు పెట్టారు. ఆయన కూడా కంప్ట్రోలరే. 1959 నుంచి 1998లో చనిపోయేవరకు పదవిలో ఉన్నారు. కానీ అక్కడ కంప్ట్రోలర్ ప్రధాన బాధ్యత పన్నుల వసూలు. పైగా ఆయన్ను ప్రజలే నేరుగా ఓటు వేసి ఎన్నుకుంటారు. ఒకరు వచ్చే సొమ్ము చూసేవారు, మరొకరు పోయే సొమ్ము చూసేవారు అనుకుంటే తేడా సులువుగా గుర్తుంటుంది.

ఆ టవర్ మొదట ఎవరిది?

ప్రభుత్వానిది కాదు. నేషనల్ లైఫ్ అనే బీమా కంపెనీ తన ప్రధాన కార్యాలయం కోసం దాన్ని కట్టుకుంది. 1970లో పూర్తయింది. ఎత్తు 452 అడుగులు. ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’ అనే సుప్రసిద్ధ సంగీత కార్యక్రమాన్ని ప్రసారం చేసిన రేడియో స్టేషన్ కూడా ఆ కంపెనీదే. 1994లో రాష్ట్ర ప్రభుత్వం ఆ భవనాన్ని తీసుకుని తన కార్యాలయాలను అందులోకి మార్చింది. ఆ తర్వాతే స్నాడ్‌గ్రాస్ పేరు చేరింది.

పేరు పెడితే తప్పేంటి?

తప్పేమీ లేదు. కానీ ఒక ప్రశ్న మాత్రం ఉంటుంది. ఆడిటర్ ఎవరి లెక్కలు చూస్తారో వాళ్లే ఆయనకు గౌరవం ఇస్తున్నారు. మార్కులు వేయించుకునే పిల్లలే మాస్టారికి సన్మానం చేసినట్లు. అది నిజమైన గౌరవమా, మొహమాటమా అన్నది తేలాలంటే ఆయన్ను ఎవరు నియమించారు, ఎవరు తీసేయగలరు అన్నది చూడాలి.

టెన్నెసీ రాజ్యాంగం ప్రకారం కంప్ట్రోలర్‌ను గవర్నర్ నియమించరు. చట్టసభలోని ఉభయ సభలు కలిసి ఎన్నుకుంటాయి. కాబట్టి గవర్నర్‌కు కోపం వచ్చినా ఉద్యోగం పోదు. అది బలం. కానీ పదవీకాలం రెండేళ్లే. అంటే స్నాడ్‌గ్రాస్ 44 ఏళ్లు ఉన్నారంటే 22 సార్లు సభ్యుల మెప్పు పొందారన్నమాట. శాసనసభ్యులతో పడకపోతే రెండేళ్లకే ఇంటికి పంపొచ్చు. అది బలహీనత.

ఇంకొక విషయం. రాష్ట్ర ప్రభుత్వ నిర్మాణాలను ఆమోదించే కమిషన్‌లో గవర్నర్, సభాధ్యక్షులతో పాటు కంప్ట్రోలర్ కూడా సభ్యుడే. అంటే ఖర్చుకు ఆమోదం చెప్పే బల్ల దగ్గరా, ఖర్చును తనిఖీ చేసే బల్ల దగ్గరా ఆయనే కూర్చుంటారు. మన దేశంలో కాగ్‌కు అలాంటి పాత్ర లేదు.

మన దగ్గర కాగ్‌కు ఏ రక్షణ ఉంది?

కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, అంటే కాగ్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. పదవీకాలం ఆరేళ్లు లేదా 65 ఏళ్ల వయసు, ఏది ముందైతే అది. మధ్యలో తొలగించాలంటే సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతే పాటించాలి. జీతం, కార్యాలయ ఖర్చులు నేరుగా సంచిత నిధి నుంచి వస్తాయి, వాటిపై పార్లమెంటులో ఓటింగ్ ఉండదు. పదవి వదిలాక కేంద్రంలో గానీ, రాష్ట్రాల్లో గానీ ప్రభుత్వ పదవి చేపట్టకూడదని రాజ్యాంగంలోని 148వ అధికరణ చెబుతోంది. రేపటి పదవి మీద ఆశతో ఈ రోజు నివేదికను మెత్తబరచకూడదన్నదే దాని ఉద్దేశం.

2024 నవంబరు నుంచి ఈ పదవిలో ఉన్న కె. సంజయ్ మూర్తి తెలుగువారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల ఖాతాలనూ కాగ్ కింద పనిచేసే అకౌంటెంట్ జనరల్ కార్యాలయాలే తనిఖీ చేస్తాయి.

అంటే ఒక వ్యక్తి ఏళ్ల తరబడి కుర్చీలో ఉండటం మీద టెన్నెసీ పద్ధతి నడిచింది. మన పద్ధతి, ఎవరు కూర్చున్నా ఆరేళ్ల పాటు కదపలేని కుర్చీ మీద నడుస్తుంది.

మరి మనకు లోటు ఎక్కడుంది?

నివేదిక బయటికి రావడంలో. రాష్ట్రానికి సంబంధించిన కాగ్ నివేదిక ముందు గవర్నర్‌కు వెళ్తుంది, ఆయన దాన్ని శాసనసభ ముందు పెట్టిస్తారు. సభలో పెట్టాకే అది జనానికి అందుతుంది. ఎన్ని రోజుల్లో పెట్టాలన్నది మాత్రం 151వ అధికరణలో లేదు.

దీని ప్రభావం ఢిల్లీలో కనిపించింది. అక్కడ 14 కాగ్ నివేదికలు సభకు రాకుండా ఆగిపోయాయి. విషయం హైకోర్టుకెక్కింది. చివరికి ప్రభుత్వం మారాక 2025 ఫిబ్రవరిలో వాటిని సభలో పెట్టడం మొదలైంది.

సమయం ఎందుకంత ముఖ్యమో కాళేశ్వరం ఉదాహరణ చూడండి. కేంద్ర జల సంఘానికి చూపిన అంచనా రూ.81,911 కోట్లు కాగా, మొత్తం వ్యయం రూ.1,47,427 కోట్లు దాటే అవకాశం ఉందని కాగ్ చెప్పింది. ఆ నివేదిక తెలంగాణ శాసనసభ ముందుకు వచ్చింది 2024 ఫిబ్రవరిలో. అప్పటికే ప్రాజెక్టుపై భారీగా ఖర్చయిపోయింది. ఆడిట్ అంటేనే జరిగిపోయిన ఖర్చును చూడటం. దానికి తోడు నివేదిక కూడా ఆలస్యమైతే, తప్పు దిద్దుకునే అవకాశం ఇంకా తగ్గిపోతుంది.

మీరేం చేయొచ్చు?

సభలో పెట్టిన కాగ్ నివేదికలన్నీ కాగ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రాష్ట్రం పేరు, సంవత్సరం ఎంచుకుంటే చాలు, ఫోన్‌లోనే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. నివేదిక మొత్తం చదివే తీరిక లేకపోతే మొదట్లో ఉండే ‘కార్యనిర్వాహక సారాంశం’ చదవండి. ఆసుపత్రులు, తాగునీరు, రోడ్లు, స్కాలర్‌షిప్పులు.. మీకు సంబంధించిన శాఖ గురించి ఏం రాశారో అందులోనే తెలిసిపోతుంది. నివేదిక ఏ సంవత్సరపు ఖర్చుల గురించి, సభలో ఏ తేదీన పెట్టారు అన్న రెండూ పోల్చి చూడండి. ఆ రెండింటి మధ్య దూరమే ఆలస్యం ఎంతో చెబుతుంది.

స్నాడ్‌గ్రాస్ పేరు టవర్ మీద ఉండటం మంచి విషయమే. మనకు తెలియకుండా మన డబ్బుకు కాపలా కాసేవాళ్లు ఉంటారని దారినపోయేవాళ్లకు అది గుర్తు చేస్తుంది. కానీ ఆడిటర్‌కు దక్కాల్సిన అసలు గౌరవం గోడ మీద పేరు కాదు. ఆయన రాసింది సకాలంలో సభకు రావడం, దాన్ని నలుగురూ చదివి ప్రశ్నించడం.