రబ్బరుందా?

అమెరికా వెళ్ళే పిల్లలకి మనం ఏమేం సర్దుతాం? ఆవకాయ, కందిపొడి, ఓ ప్రెషర్ కుక్కరు. మాటలు కూడా సర్దిపెట్టాలని ఎవరికి తోస్తుంది చెప్పండి!

మా అక్క కూతురు పైచదువుకని వెళ్ళింది. క్లాసులో ఏదో రాస్తూ తప్పు పడితే, పక్కన కూర్చున్న అబ్బాయిని "రబ్బరుందా?" అని ఇంగ్లీషులో అడిగింది. వాడు తెల్లబోయాడు. వెనకవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఎందుకో పిల్లకి బోధపడలేదు. రాత్రి గదిలో వుండే అమ్మాయి చెవిలో చెప్పిందట, వాళ్ళ వాడుకలో ఆ మాటకి అర్థం వేరని. మన ప్రభుత్వం వారు 1968లో మొదలుపెట్టి, మూడు పదిహేను పైసలకి అమ్మించారే, ఆ నిరోధ్ లాంటి వస్తువన్నమాట! పాపం, నెల్రోజులు క్లాసులో నోరు విప్పలేదు. ఫోనులో ఏడుస్తూంటే మా అక్క "ఇంత చదివీ మాట్లాడ్డం రాదుటే" అని కోప్పడింది. నాకైతే పిల్ల తప్పేమీ కనిపించలేదు.

మనం ఇంగ్లీషు నేర్చుకున్నది ఇంగ్లండు దొరల దగ్గర గదా! వాళ్ళ బళ్ళలో పెన్సిలు గీత చెరిపే ముక్క రబ్బరే. అసలా పదార్థానికి ఆ పేరొచ్చిందే చెరపడం వల్ల. 'రబ్' అంటే రుద్దడం. పెన్సిలు గీతలు తుడవడానికి ఇది భేషుగ్గా పనికొస్తుందని 1770లో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఒక పుస్తకంలో రాశాడు. అంతకుముందు రొట్టె ముద్దతో చెరిపేవారట! అంటే జామెట్రీ పెట్టెలో ముక్కే ముందు. టైర్లూ, హవాయి చెప్పులూ ఆ తర్వాతవే.

అమెరికా వాళ్ళు ఆ ముక్కని ఇరేజర్ అంటారు. రబ్బరు అనే మాటని ఆ పదార్థంతో చేసిన వేరే వస్తువులకి పెట్టుకున్నారు. వానలో బూట్ల మీద వేసుకునే తొడుగుల్ని కూడా అక్కడ అలాగే అనేవారు. ఇంగ్లండులో కూడా ఇప్పుడు చాలామందికి అమెరికా అర్థం తెలుసు. అయినా బళ్ళో పిల్లలు నిక్షేపంగా రబ్బరే అడుగుతారు.

మొన్న పక్కింటి పిన్నిగారు కొడుక్కి పెట్టె సర్దుతూంటే, కందిపొడి సీసా పక్కన ఓ చీటీ పెట్టాను, 'రబ్బరు కాదు, ఇరేజరు' అని. ఆవిడ చదివి "ఇదేం మందమ్మా?" అన్నారు. సంగతి చెప్పేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చీటీ మాత్రం పెట్టెలో అడుక్కి దోపారు.