పాత పట్టణములో అద్దె యిల్లు

మన పల్లె సంఘముల నుండి ఏటేటా ఎందరో విశాఖపట్నము పోవుచున్నారు. కొందరు చదువుకు, కొందరు పనికి, కొందరు కింగ్ జార్జి ఆసుపత్రిలో నెలల తరబడి వైద్యము కావలసిన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని పోవుచున్నారు. వారు మమ్మును అడుగు ప్రశ్న ఒకటే: "అయ్యగారూ, ఊరి నడుమ, సముద్రము దగ్గర, తక్కువ అద్దెలో ఇల్లేమైనా దొరుకుతాదా?" దొరుకును. వన్‌టౌన్ అని అందరును పిలుచు పాత పట్టణములో దొరుకును. సేవ నిమిత్తము మేము 2009 మొదలు 2015 వరకు కుటుంబముతో అక్కడ అద్దెకుంటిమి. ఆ చోటును గూర్చి పల్లెవారికి చెప్పవలసినవి కొన్ని ఉన్నవి గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈనాడు విశాఖ అనగానే పిల్లలకు బీచి రోడ్డు, పెద్ద పెద్ద అపార్టుమెంట్లు తోచును. కాని అసలు ఊరు అది కాదు. పాతపోస్టాఫీసు, కోటవీధి, బురుజుపేట, వెలంపేట, కురుపాం మార్కెట్టు — ఇది అసలు పట్టణము. 1933 డిసెంబరులో ఓడరేవు ప్రారంభము కాకముందు ఓడలు దూరముగా సముద్రములోనే లంగరు వేసెడివి. సరుకులను, మనుష్యులను పడవలలో ఒడ్డునకు చేర్చెడివారు. ఆ పడవలను, గోదాములను, కచేరీలను నమ్ముకొని బ్రదికినవారు వాటికి నడిచిపోగల దూరములో ఇండ్లు కట్టుకొనిరి. అందుచేతనే అక్కడి సందులంత ఇరుకు. ఒక రిక్షా వచ్చినదనిన ఎదుటివారు అరుగెక్కి నిలువవలసినదే.

ఓడలు లోపలికి వచ్చు కాలువకు ఒక ప్రక్క యారాడ కొండ, మరియొక ప్రక్క మూడు చిన్న గుట్టలు ఉన్నవి. ఒక గుట్టమీద మరియమాత దేవాలయము, ఒకదానిమీద దర్గా, ఒకదానిమీద వేంకటేశ్వరస్వామి గుడి. క్రింద వీధులలో కాపురములు కూడ అట్లే కలిసి ఉన్నవి. మా పై వాటాలో ఒక ముస్లిము కుటుంబము, ఎదుట కంసాలివారు, వెనుక చేపలమ్ము తల్లులు. నీళ్లు వచ్చు వేళకు మేము ఇంట లేనిచో మా బిందెలను కూడ ఎవరో ఒకరు నింపి పెట్టెడివారు.

మన తెలుగు సంఘములకు ఈ పట్టణముతో పాత చుట్టరికము కలదు. 1805లో లండను మిషను పంపగా జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ అను ఇద్దరు యౌవనులు ఇక్కడికే వచ్చి కాపురముండి తెలుగు నేర్చుకొనిరి. ఆనందరాయరు అను పండితుని సహాయముతో సువార్తలను తెలుగు చేయ మొదలిడిరి. క్రాన్ 1809లోను, డే గ్రాంజెస్ 1810లోను మరణించిరి. వారి పని ఫలితముగా మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యెను. వారు పొరుగూరి వారు మాత్రమే గాక పొరుగు దేశమువారు. ఆ తరువాత కూడ ఈ పట్టణము బయటివారిని చేర్చుకొనుచునే వచ్చినది. సి.వి. రామన్ తండ్రికి 1892లో ఇక్కడి ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపక ఉద్యోగము దొరకుటచేతనే ఆ బాలుడు ఇక్కడి సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివెను. బ్రతుకుతెరువుకై వచ్చిన కుటుంబమే అది కూడ.

ఇక ఇండ్ల సంగతి. పాత ఇల్లనగా గోడ మూరెడు మందము, టేకు దూలముల మీద ఇటుకలు పేర్చి సున్నపు గచ్చు వేసిన మిద్దె, వీధి వైపు అరుగు, లోపల నడవా. వేసవిలో అట్టి ఇంట పంకా లేకున్నను పగలు నిద్ర పట్టును. పెంకుటిండ్లు మాత్రము తుపానుకు నిలువవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధిలో పెంకులు కాగితములవలె ఎగిరిపోయెను. మా గచ్చు మిద్దె క్రింద ఆ రాత్రి మూడు కుటుంబములు తలదాచుకొన్నవి.

పాతది గనుక కూలిపోవునని, సిమెంటుది గనుక గట్టిదని మనవారు అనుకొందురు. సముద్రపు ఒడ్డున ఆ లెక్క తరచుగా తారుమారగును. ఉప్పు గాలి స్లాబులోని ఇనుప చువ్వలకు తగిలి తుప్పు పట్టించును, తుప్పు పట్టిన చువ్వ ఉబ్బును, ఉబ్బిన చువ్వ కాంక్రీటును పగులగొట్టి పెచ్చులుగా రాల్చును. సున్నపు గోడలో చువ్వ లేదు, ఆ బాధయు లేదు. అయితే సున్నపు గోడకు పైపైన సిమెంటు పూసిన ఇంటిని దిగక ముందు బాగుగా చూడవలెను. లోపలి చెమ్మ బయటికి పోలేక గోడ లోలోపలే చెడును. మంచము చేరవేయు గోడను అరచేతితో తాకి చూడుడి. ఎండాకాలములో కూడ చల్లగా, తడిగా తగిలినచో ఆ గది పసిబిడ్డలకు, ఉబ్బసమువారికి తగదు.

బొగ్గు ధూళిని గూర్చి కూడ చెప్పవలెను. రేవులో దిగు బొగ్గు, ఓడకెక్కు ఇనుప రాయి పొడి గాలికి లేచి తమ ఇండ్లలో పడుచున్నదని పాత పట్టణమువారు ఎన్నో ఏండ్లుగా మొరపెట్టుకొనుచున్నారు. ఆరవేసిన తెల్ల గుడ్డ సాయంత్రమునకు ఏ రంగుకు వచ్చినదో పొరుగింటి ఇల్లాలినడిగిన చాలును. సముద్రము కనబడు కిటికీ కొరకు వందరూపాయలు కూడ ఎక్కువ ఇయ్యవద్దని మా సలహా. కిటికీ సముద్రము వైపుండిన ఉప్పు, ధూళి, చేపల వాసన మూడును తిన్నగా లోపలికే వచ్చును. యొప్పేలో పేతురు సముద్రపు దరినున్న చర్మకారుని ఇంట బస చేసెనని చదివినప్పుడెల్ల ఆ ఇంటి వాసన ఎట్లుండెనో అని మా ఇంటివారు నవ్వుకొనెడివారు.

మరి ఇన్ని ఇబ్బందులున్నను జనులు అక్కడెందుకు ఉందురు? మా సంఘములోని ఒక విధవరాలిని చూచిన తరువాత మాకు ఇది బోధపడినది. ఆమె 1979 నుండి ఒకే ఇంటి రెండు గదులలో అద్దెకుండెను. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరుకు నడిచి వెళ్లి, పాటలో చేపలు కొని, గంపనెత్తుకొని వీధులలో అమ్మి ముగ్గురు పిల్లలను పెంచినది. ఇంటి యజమాని 2012లో కాలము చేసెను. మరుసటి యేడు ఆయన వారసులు ఆ స్థలమును అమ్మివేసి, నెలరోజులలో ఖాళీ చేయుమనిరి. పెందుర్తి వైపు ఇంతకంటె మంచి ఇల్లు ఇదే అద్దెకు దొరుకునని చెప్పిరి. అది నిజమే. కాని ఆమె మాతో అన్నమాట ఇది: "అక్కడి నుంచి తెల్లారకముందు బస్సేది అయ్యగారూ? నేనెల్లేసరికి పాట అయిపోతాది. మంచి ఇంట్లో కూకుని ఏటి తింటాను?"

ఆమె కట్టు అద్దె గదులకు మాత్రమే కాదు. ఆ నడక దూరమునకు, గంప దింపునప్పుడు చేయి వేయు పొరుగువారికి, అప్పు వ్రాసుకొను కొట్టువానికి కూడ అదే అద్దె. ఊరి నడుమ ఇల్లు చూచుకొనువారు గదుల కొలత కంటె ముందుగా చూడవలసినది ఇది. ఇంటి నుండి పనికి, ఆసుపత్రికి, బడికి ఎన్ని నిమిషముల నడక? దూరపు ఇంటి చౌక అద్దెలో బస్సు చార్జీలు, పోయిన పూట కూలి కలిపి చూచినచో లెక్క తేలును.

ఆమెకు వ్రాసిన ఒప్పందము లేదు. కాని పాత యజమాని నెలనెలా సంతకము చేసిన అద్దె పుస్తకములు, చెదలు తిన్నవి పోగా పదకొండు, ఒక రేకుపెట్టెలో దాచుకొనియుండెను. మేము వాటిని తీసికొని ఒక వకీలు యొద్దకు పోతిమి. అప్పుడు అమలులోనున్న 1960 నాటి అద్దె చట్టము ప్రకారము ఆమెవంటి తక్కువ అద్దెదారుని రెంట్ కంట్రోలరు ఉత్తరువు లేక బయటికి పంపుటకు వీలులేదు. వకీలు నోటీసు పంపగానే నెల గడువు పది నెలలాయెను. ఆమె పోగొట్టుకొందుననుకొన్న అడ్వాన్సుతో పాటు సామాను తరలించు ఖర్చును కూడ ఇచ్చిరి. ఆ పది నెలలలో చెంగలరావుపేటలో వేరొక గది కుదిరినది. అదే ఇంటి వెనుక వాటాలోని మరొక కుటుంబము ఇరువది ఏండ్లు అద్దె కట్టినదే గాని ఒక్క రసీదు తీసికొనలేదు. వారు నెల తిరుగక ముందే సామాను బండికెత్తిరి. వారిప్పుడెక్కడ ఉన్నారో మాకు తెలియదు.

"మనవాడే గదా, కాగితమెందుకు" అను మాట పల్లెలో చెల్లునేమో గాని పట్టణములో చెల్లదు. మనవాడు చనిపోయిన తరువాత ఇల్లు అతని పిల్లలది, వారు మనలను ఎరుగరు. ఆ తరువాత అద్దె చట్టములు మారినవి గనుక నేటి నియమములేమో దిగక ముందే వకీలునడిగి తెలిసికొనుడి. సంవత్సరమునకు మించిన అద్దె ఒప్పందమును రిజిస్టరు చేయవలెనని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము చెప్పుచున్నది. ఆ ఖర్చు తప్పించుకొనుటకే అందరు పదకొండు నెలలకు వ్రాయుదురు. వ్రాసినను మరల పదకొండు నెలలకు మరువక మార్చుకొనవలెను. అడ్వాన్సు ఎంత ఇచ్చితిరో, ఖాళీ చేయుటకు ఎన్నాళ్ల గడువో, వాన కారినచో మరమ్మతు ఎవరు చేయింతురో అందులోనే వ్రాయించుడి. అద్దె చేతికిచ్చినప్పుడు సంతకము, ఫోనులో పంపినప్పుడు ఏ నెల అద్దెయో ఒక ముక్క. ఇంటి యజమానులైన విశ్వాసులకు కూడ ఇదే మనవి. అడుగక ముందే రసీదు ఇయ్యుడి.

వన్‌టౌన్‌లో ఖాళీ ఇండ్లకు అన్నిటికి బోర్డులుండవు. పాతపోస్టాఫీసు దగ్గర దిగి, టీ కొట్టులోను, ఇస్త్రీ బండివాని యొద్దను, ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత గుడి గుమ్మమునొద్దను అడుగుడి. ఇల్లు చూచుటకు వేసవి సెలవులలో రావద్దు. అక్టోబరులో, పెద్ద వాన కురిసిన మరునాటి ఉదయము రండి. ఏ దూలము క్రింద గిన్నె పెట్టియున్నదో మీకే కనబడును.