యాభైలో నడిస్తేనే అరవైలో గుట్ట

గుట్ట ఎక్కేటప్పుడు ఊపిరి అడ్డం పడుతుంది, దిగేటప్పుడు మోకాలు. కాసేపు కూర్చుంటే ఊపిరి సర్దుకుంటుంది. మోకాలు మాత్రం రాత్రంతా గుర్తుచేస్తుంది. దేవరకొండ ఖిల్లా మొదటి వారంలోనే నాకు ఈ పాఠం చెప్పింది. అప్పుడు నాకు నలభై ఎనిమిదేళ్లు. షుగర్ బయటపడింది, డాక్టర్ రోజూ నడవమన్నారు. రోడ్డు మీద లారీల దుమ్ములో నడవబుద్ధి కాక, ఆ పద్మనాయకుల కోట దారి పట్టాను. మొదటిరోజు ఒక దర్వాజ దాటేసరికే రాయి మీద కూలబడ్డాను. పైదాకా పోవడానికి ఏడాది పట్టింది.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో జీవశాస్త్రం చెప్పినదాన్ని. లెక్క ప్రకారం 2021 మార్చిలో, 58 ఏళ్లు నిండగానే దిగిపోవాలి. ఆ నెలలోనే తెలంగాణలో పదవీ విరమణ వయసు 61కి పెరిగింది. మరో మూడేళ్లు చేసి 2024 మార్చిలో రిటైరయ్యాను. అప్పటికే పదమూడేళ్ల నడక కాళ్లలో ఉంది. నాతో పనిచేసిన ఒక సార్ రిటైరయ్యాక హిమాలయాలు చూడాలని ఎన్నో ఏళ్లు డబ్బు కూడబెట్టారు. తీరా ఆ రోజు వచ్చాక ఆయన ఇంటి మేడ మెట్లకే ఆగిపోతున్నారు. డబ్బు ఉంది, కాళ్లకు అలవాటు లేదు. ఆయన ముందు కూర్చున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మా తరం ఉద్యోగులకు పెన్షన్‌లో 40 శాతం దాకా కమ్యుటేషన్ చేసుకునే వీలుంది. ఆ భాగాన్ని ముందే అమ్ముకుని ఒకేసారి పెద్ద మొత్తం తీసుకుంటాం. అమ్ముకున్న భాగం నెలనెలా కోతపడుతూ పదిహేనేళ్ల తర్వాతే తిరిగి వస్తుంది. ఆ మొత్తం కొడుకు ఫ్లాటుకో బిడ్డ పెళ్లికో పోవడం మన ఇళ్లల్లో మామూలే. నేనొక కాగితం మీద లెక్క రాసుకున్నాను. 61కి అమ్ముకుంటే 76కి గానీ పూర్తి పెన్షన్ రాదు. నేను నడవగలిగే ఏళ్లు సరిగ్గా ఆ పదిహేనే. అందుకే తక్కువ భాగమే అమ్మాను. ఇంట్లో మాట పడ్డాను, కానీ ఆ నిర్ణయం సరైనదేనని ఇవాళ్టికీ నమ్ముతున్నాను. మరో మాట. రిటైరైన రోజే చేతికి వస్తుందనుకున్న సొమ్ము నాకు నెలల తరబడి రాలేదు. కాబట్టి మొదటి ఏడాది తిరుగుడు ఖర్చు ముందే విడిగా బ్యాంకులో వేసుకోండి. 2004 సెప్టెంబర్ నుంచి ఉద్యోగంలో చేరి సీపీఎస్‌లో (కంట్రిబ్యూటరీ పెన్షన్ పథకంలో) ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ లెక్క ఇంకా ముందుగా వేసుకోవాలి.

నిజానికి దగ్గరి గుట్టలకు పెద్ద ఖర్చేమీ లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు లేదు. ఆధార్ కార్డు, రెండు సీసాల నీళ్లు, జొన్నరొట్టె, చింతకాయ తొక్కు సంచిలో పెట్టుకుంటే నా ప్రయాణం సిద్ధం. మంచి బూట్లకు, చేతికట్టెకు మాత్రం వెనకాడలేదు. దిగుడులో ఒంటి బరువులో కొంత ఆ కట్టె మోస్తుంది.

మా జట్టులో ఆరుగురం. ఇద్దరు టీచర్లు, ఒక ఆర్టీసీ కండక్టర్, ఒక పోస్ట్‌మాస్టర్, ఇంకా సర్వీసులో ఉన్న ఒక నర్సు, నేను. కొత్త ఊళ్ల జాబితా పెట్టుకోవడం కన్నా, ఒకే చోటికి అన్ని కాలాల్లో పోవడం మాకిష్టం. ఫాల్గుణంలో పోతే మోదుగ ఎర్రగా మండుతుంటుంది. ఎండలు ముదిరితే తునికి పండ్లు, మొర్రి పండ్లు. ఎర్రటి ఎండాకాలంలో రేల చెట్టు పసుపు గుత్తులు వేలాడదీస్తుంది. బతుకమ్మ నాటికి తంగేడు. దసరా దాటాక పాలమూరు గుట్టల్లో సీతాఫలం. బాలానగర్ పేరుతో దేశమంతా నర్సరీల్లో అమ్మే సీతాఫలం రకం ఈ నేలదే. ముప్పై ఏళ్లు బోర్డు మీద ఆకు బొమ్మ గీసి పాఠం చెప్పాను. ఒక్క తునికి చెట్టు చిగురు నుంచి ఆకు రాలేదాకా చూసింది మాత్రం రిటైరయ్యాకే.

భువనగిరి కోట సంగతి వేరు. ఒకే రాయిగా లేచిన గుట్ట అది. అక్కడి రాళ్ల మీద సాధన చేసిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పుడు పదమూడేళ్లు. మా కండక్టర్ అన్నకు అరవై ఆరు. ఆయనా అదే గుట్ట పైదాకా వస్తాడు, మెట్ల దారిలో నిదానంగా. వాన పడిన మర్నాడు మాత్రం ఎవరం పోం. ఆ రాయి తడిస్తే కాలు నిలవదు.

నల్లమలకు ఏడాదికి రెండుసార్లు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. ఒకప్పటి ఉమ్మడి పాలమూరు, నల్గొండ జిల్లాల అడవే ఇది. మన్ననూరు దాటాక శ్రీశైలం రోడ్డు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు. ఫర్హాబాద్ వైపు అటవీశాఖ సఫారీలోనే పోవాలి, వానాకాలంలో అదీ ఉండదు. ఈ నియమాలు విసుగనిపించినా పాటించాలి. ఆ అడవి ముందు పులిది, చెంచులది. ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం మా వయసు వాళ్లకు హాయిగా అందుతాయి. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర ఉంటుంది. లోతైన లోయలోకి ఇరుకు దారిలో, జనం తోపులాటలో దిగాలి. మోకాళ్ల మీద నమ్మకం లేనివాళ్లు అక్కడికి పోవద్దని గట్టిగానే చెప్తాను.

మోకాలి నొప్పి అనగానే వయసని సరిపెట్టుకోవడం మా నల్గొండలో కుదరదు. మర్రిగూడ వైపు పనిచేసిన ఏళ్లలో కాళ్లు వంకరపోయిన పిల్లలకు పాఠం చెప్పాను. ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుంటే కీళ్లు, వెన్ను బిగుసుకుపోతాయి. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి దాన్ని తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అనే పేరుంది. అంత ముదిరిన సమస్య ఇది. పల్లెల్లో బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లు గుట్ట మొదలుపెట్టే ముందు ఎముకల డాక్టర్‌ను కలవాలి. దారిలో చేతిపంపు కనిపించినా మేం ఇంటి నీళ్లే తాగుతాం. ఇంకొకటి, వయసు మీదపడ్డాక దూప సరిగ్గా తెలియదు. అందుకే గంటకోసారి గుర్తుపెట్టుకుని తాగుతాం. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిదిన్నరకల్లా నీడ పట్టాల్సిందే.

ఆ ఫ్లోరైడ్ మీద కొట్లాడిన జలసాధన సమితి దుశ్చర్ల సత్యనారాయణ గారిని ఇక్కడ తలచుకోవాలి. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీచేసి దేశాన్ని ఇటు చూసేలా చేసింది ఆ పోరాటమే. ఆయన బ్యాంకు ఉద్యోగం వదిలేసి, మోతె మండలం రాఘవాపురంలో తాతల నాటి డెబ్బై ఎకరాలను అడవిగా పెంచారు. రిటైర్మెంట్ దాకా ఆగలేదు. ఏనుగుల వీరాస్వామయ్య కూడా ఆగలేదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉండగానే, యాభై ఏళ్ల వయసులో, 1830 మే 18న కాశీకి బయలుదేరి, కృష్ణ దాటి మన పాలమూరు నేల మీదుగా పోయారు. ఇల్లు చేరింది 1831 సెప్టెంబర్ 3న.

ఖిల్లా మీద మాకు అసలు గురువు ఒక గొర్ల కాపరి. డెబ్బై దాటాయి. మొదట్లో ఒకరోజు అడిగాడు.

“మేడమ్, మీరు ఉత్తగనే ఎక్కుతరా?”

“ఉత్తగనే అన్నా.”

ఆయన చాలాసేపు నన్ను చూశాడు. పని లేకుండా గుట్ట ఎక్కడం ఆయన ఎరగడు. ఎక్కడ పెద్ద తేనెటీగలు పట్టాయో, ఏ రాళ్ల సందున పింజర ఉంటుందో, కట్టెతో తడుతూ ఎందుకు నడవాలో ఆయనే చెప్పాడు. “గొర్లు ఇడిచిపెట్టి కూసుండేది ఎప్పుడన్నా?” అని నేనడిగితే, “కాళ్లు ఇడిచిపెట్టిన్నాడు మేడమ్” అన్నాడు. నేను రిటైరైన ఏడాది ఆయనకు వచ్చిన ఆసరా పింఛను నెలకు 2,016 రూపాయలు. నా పెన్షన్ ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు. అప్పటినుంచి కొత్తవాళ్లను తీసుకుపోయిన ప్రతిసారీ దారి చూపినందుకు ఆయనకు కూలి కట్టి ఇస్తున్నాం. గుట్ట ఎక్కే ఆనందంలో గుట్ట మనుషులకు వాటా ఉండాలి.

మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉంటాడు. “ఈ వయసులో ఒక్కదానివి గుట్టలెందుకమ్మా, ఇక్కడికొచ్చి పిల్లల దగ్గర ఉండు” అన్నాడు. వాడి భయం వాడిది, తప్పు పట్టను. పోయిన చలికాలం వాణ్ని, మనవరాలిని ఖిల్లా మీదకు తీసుకుపోయాను. దిగేటప్పుడు వాడికే మోకాలు పట్టేసింది. వాడికి నలభై. ఇప్పుడు ఆదివారాలు నడుస్తున్నాడు.

ఇది చదివే కొడుకులకు, బిడ్డలకు నాదొక విన్నపం. మీ అమ్మానాన్నలను గుట్టకు పోవద్దనకండి. వాళ్లకొక మంచి బూట్ల జత కొనివ్వండి, తోడుగా నడిచే ఇద్దరు ముగ్గురిని వెతికిపెట్టండి, నెలకొక్క ఆదివారం మీరూ వెంట నడవండి.