పెడన అచ్చులు

బెండకాయను అడ్డంగా కోసి, సిరాలో ముంచి, కాగితంమీద అద్దితే చక్కని పువ్వు పడుతుంది. మీలో చాలామంది యీ ఆట ఆడే వుంటారు. యిలాంటి పనితోనే బతుకుతున్న వూరు ఒకటి వుంది. అమలాపురం, రాజోలు మీదుగా పోయే 216వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని, చించినాడ వంతెనమీద వశిష్ఠ గోదావరిని దాటి, నరసాపురం మీదుగా సాగిపోతే, బందరుకు కొంచెం యివతల ఆ వూరు వస్తుంది. దాని పేరు పెడన. కలంకారీ బట్టలకు పెట్టింది పేరు.

కలంకారీ అంటే కలంతో చేసే పని. శ్రీకాళహస్తిలో నిజంగానే వెదురు కలంతో బొమ్మలు గీస్తారు. పెడనలో మాత్రం కలం పనిని చాలామటుకు చెక్క అచ్చే చేస్తుంది.

అచ్చు చెక్కే మనిషి పని చూడండి. బాగా ఆరిన టేకు చెక్కను నునుపు చేసి, కాగితంమీది నమూనాను దానిమీదికి దించుతాడు. తరవాత సన్నని వులులతో, గీత వుండవలసిన చోటు వదిలిపెట్టి, మిగిలినదంతా తవ్వేస్తాడు. కొన్ని గీతలు దారమంత సన్నగా వుంటాయి. అక్కడ వులి జారిందా, ఎన్నో రోజుల పని వృథా! పైగా ఒక పువ్వుకు ఒక అచ్చు చాలదు. నల్లని గీతకు ఒకటి, ఎరుపుకు ఒకటి, పసుపుకు మరొకటి. అవన్నీ ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోవాలి.

యిక రంగుల సంగతి వింటే మీకు గారడీలాగే వుంటుంది. ముందు బట్టను కరక్కాయ నీళ్ళలోనూ, గేదెపాలలోనూ తడిపి ఆరవేస్తారు. పాలలోని కొవ్వువల్ల రంగు పక్కకు పాకదు. తుప్పుపట్టిన యినుపముక్కలను బెల్లపు నీళ్ళలో చాలా రోజులు వూరబెట్టి, ఆ నీటిని బట్టమీద అద్దుతారు. కరక్కాయ వగరుతో యినుము కలిసేసరికి నలుపు పుడుతుంది. (పూర్వం సిరా చేసుకున్నదీ యీ చిట్కాతోనే!) ఎరుపు యింకా చిత్రం. దానికి అద్దేది పటిక నీళ్ళు. అప్పటికి ఎరుపు కనిపించనే కనిపించదు. ఆ బట్టను పారే నీటిలో జాడించి, చిరివేరు వేసిన నీళ్ళలో వుడికిస్తే, పటిక తగిలినచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. యిప్పుడు చిరివేరుకు బదులు ఫ్యాక్టరీలో తయారైన అలిజరిన్ వాడటం మామూలు. ఆ వేరులో వుండే ఎరుపూ అదేలెండి.

17వ శతాబ్దంలో యీ బట్టలు బందరు రేవులో ఓడలెక్కి పారశీకానికీ, యూరపుకూ పోయేవి. ఇంగ్లండు నేతగాళ్ళు తమ పొట్ట కొడుతున్నారని గోలపెట్టగా, 1721లో అక్కడ అద్దకపు నూలుబట్టలు కట్టరాదని చట్టమే చేశారు! 1783లో థామస్ బెల్ అనే ఆయన రోలరుతో అద్దకం వేసే యంత్రానికి హక్కు పొందాడు. ఆపైన మిల్లు అద్దకాలు చవకగా మన సంతలకే వచ్చాయి.

జపానులోనూ యిటువంటి కథే జరిగింది. అక్కడ చెర్రీ చెక్క అచ్చులతో కాగితంమీద రంగుల చిత్రాలు వేసేవారు. ఫోటోలూ, అచ్చుయంత్రాలూ వచ్చి ఆ పనిని మూలకు నెట్టాయి. అటువంటి రోజులలో యోషిదా హిరోషి (1876–1950) అనే చిత్రకారుడు ఆ పాతపనినే పట్టుకున్నాడు. ఆయన కొన్ని చిత్రాలలో రంగుమీద రంగుగా ముప్పైకి మించి అద్దకాలు వుంటాయి. 1930–31లో మన దేశానికి కూడా వచ్చి, తాజమహలు వంటివి గీసుకుపోయి, చెక్క అచ్చులతో చిత్రాలుగా తెచ్చాడు.

పెడన అచ్చుకు యిప్పటి పోటీదారు స్క్రీను ప్రింటింగు. తెరమీదికి నమూనాను వెలుతురు సాయంతో కొద్ది గంటలలో దించవచ్చు. వులి పట్టిన మనిషికి రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు పడుతుంది. పని నేర్చుకోవడానికే ఏళ్ళు కావాలి. అన్నాళ్ళు ఎవరు ఆగుతారు? అద్దేవాళ్ళు ఎందరున్నా, అచ్చు చెక్కేవాళ్ళు కొద్దిమందే. వాడగా వాడగా చెక్కమీది గీతలు అరిగిపోతాయి. అప్పుడు కొత్తది చెక్కే చెయ్యి లేకపోతే, అద్దేవాళ్ళ పనీ ఆగిపోతుంది.

మీ యింట్లో కలంకారీ చీరో, దుప్పటో వుంటే అమ్మను అడిగి, వెలుతురులో పరచి చూడండి. అంచు వెంబడి వేలు పెట్టుకుంటూ పోండి. ఒక అద్దకం ముగిసి యింకొకటి మొదలైనచోట తీగ వెంట్రుకవాసి పక్కకు జరిగి వుండవచ్చు. ఎక్కడో ఒక పువ్వులో ఎరుపు గీత దాటి వుండవచ్చు. పువ్వులన్నీ తు.చ. తప్పకుండా ఒకేలా వుంటే అది స్క్రీను పని కావచ్చు. ఆ అతుకులు ఎన్ని దొరికాయో లెక్కపెట్టండి.