బస్తర్ బాటలో దూరపు పరుగు

2025వ సంవత్సరం మార్చి 2వ తేదీ ఉదయం ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని నారాయణపూర్ పట్టణం నుంచి వేలాది మంది బాసింగ్ గ్రామం దిశగా పరుగు తీశారు. దూరం 21 కిలోమీటర్లు. పోటీ పేరు అబూఝ్‌మాడ్ శాంతి అర్ధ మారథాన్. రాష్ట్ర ముఖ్యమంత్రి విష్ణుదేవ్ సాయి ఆ ఉదయం అక్కడికి వచ్చి పరుగును ప్రారంభించారు.

ఎడారులలోనూ, మంచు కొండలలోనూ రాత్రింబవళ్ళు సాగే పందేలతో పోల్చి చూస్తే 21 కిలోమీటర్లు పెద్ద దూరం కాదు. అయినా ఈ పరుగుకు ఒక ప్రత్యేకత ఉంది. అది పరుగు పొడవులో లేదు, పరుగు సాగిన దిశలో ఉంది. ఆ బాట అబూఝ్‌మాడ్ కొండల వైపు పోతుంది. హిందీలో ‘అబూఝ్’ అంటే బోధపడనిది. ‘మాడ్’ అంటే కొండ. బోధపడని కొండలన్న ఈ పేరు బయటివారు పెట్టినదే. తరతరాలుగా అక్కడ నివసిస్తున్న అబూఝ్‌మాడియా గిరిజనులకు ఆ కొండల్లోని ప్రతి వాగూ, ప్రతి చెట్టూ సుపరిచితాలే. బోధపడకపోవడమనేది చూసేవారి లోపం గాని, కొండల లోపం కాదు. ఈ రెండు ప్రపంచాల నడుమ ఉన్న దూరాన్ని కాలినడకన, పరుగున దాటడంలో ఉన్న అర్థమేమిటో తెలుసుకోవాలంటే ముందుగా బస్తర్ దూరాలను గురించి కొంత తెలుసుకోవాలి.

బస్తర్ దూరాలు

పూర్వపు బస్తర్ జిల్లా వైశాల్యం సుమారు 39,000 చదరపు కిలోమీటర్లు. అంటే కేరళ రాష్ట్రం కంటె కొంచెం పెద్దది. 1998లో దానిని బస్తర్, దంతెవాడ, కాంకేర్ జిల్లాలుగా విభజించారు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన తరువాత 2007లో నారాయణపూర్, బీజాపూర్, 2012లో సుక్మా, కొండగావ్ జిల్లాలు ఏర్పడ్డాయి. అబూఝ్‌మాడ్ ఒక్కటే సుమారు 4,000 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించి ఉంది. బయటివారి ప్రవేశంపై చిరకాలం కొనసాగిన ఆంక్షలను 2009లో తొలగించారు. 1980ల తరువాత సాయుధ పోరాటం, దానిని అణచే చర్యల నడుమ ఈ ప్రాంతం ఎన్నో ప్రాణాలను కోల్పోయింది. బాటలు తెగిపోయాయి, బడులు మూతపడ్డాయి.

తెలుగువారికి బస్తర్ కొత్త ప్రాంతమేమీ కాదు. బస్తర్ రాజవంశం తన మూలాలను ఓరుగల్లు కాకతీయులతో ముడిపెట్టుకుంది. ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఓరుగల్లు పతనానంతరం గోదావరి దాటి ఇటు వచ్చాడని ఐతిహ్యం. దక్షిణ బస్తర్‌లో నివసించే దోర్లల భాషలో తెలుగు ఛాయలు స్పష్టంగా వినిపిస్తాయి. బైలాడీలా కొండల్లోని ఇనుప ఖనిజం కిరండూల్ నుంచి విశాఖపట్టణం రేవుకు రైలు మార్గాన చేరుతుంది.

కాలిబాటలే తప్ప వేరు దారులు లేని ఈ నేలలో వార్త మోసినవి మనుషుల పాదాలే. 1910లో ‘భూమ్‌కాల్’ తిరుగుబాటు చెలరేగినప్పుడు ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది. అడవులను రిజర్వు చేసి ప్రజలను వాటికి దూరం చేయడం, వెట్టిచాకిరీ మొదలైన బాధలను సహించలేక ప్రజలు తిరగబడ్డారు. మామిడి కొమ్మలు, ఎర్ర మిరపకాయలు, మట్టిగడ్డలు, బాణాలు ఒక గ్రామం నుంచి మరొక గ్రామానికి చేతులు మారుతూ ప్రయాణించాయి. అక్షరం లేని ఆ ఉత్తరం అర్థం కాని గ్రామం లేదు. నాయకులలో ప్రముఖుడైన నేతానార్ గ్రామవాసి గుండాధుర్‌ను ప్రభుత్వం పట్టుకోలేకపోయింది. మామిడి కొమ్మ మోసిన ఆ అజ్ఞాత వార్తాహరుల పేర్లను చరిత్ర నమోదు చేయలేదు.

వార్తాహరుని నుంచి పందెగాని వరకు

ప్రపంచంలో దూరపు పరుగు చరిత్ర సైతం వార్తాహరునితోనే ఆరంభమవుతుంది. క్రీ.పూ. 490లో పర్షియన్ సేనలు గ్రీసు తీరాన దిగినప్పుడు సహాయం కోరుతూ ఫైడిప్పిడీస్ అనే వార్తాహరుడు ఏథెన్స్ నుంచి స్పార్టాకు పరుగెత్తి, మరునాటికే చేరుకున్నాడని హెరొడోటస్ వ్రాశాడు. ఆధునిక ఒలింపిక్ క్రీడలు 1896లో ఏథెన్స్‌లో ఆరంభమైనప్పుడు మారథాన్ పందెం ప్రవేశపెట్టారు. సుమారు 40 కిలోమీటర్ల ఆ తొలి పందెంలో గ్రీసు దేశీయుడు స్పిరిడాన్ లూయిస్ గెలిచాడు. నేటి 42.195 కిలోమీటర్ల కొలత 1908 లండన్ క్రీడలలో వచ్చింది.

హెరొడోటస్ చెప్పిన పరుగు సాధ్యమా అన్న సందేహం చాలాకాలం ఉండేది. 1982లో బ్రిటిష్ వైమానిక దళాధికారి జాన్ ఫోడెన్ కొందరు సహచరులతో ఆ దారినే పరుగెత్తి, సుమారు ఒకటిన్నర రోజులో స్పార్టా చేరాడు. మరుసటి సంవత్సరం నుంచి 246 కిలోమీటర్ల ‘స్పార్టథ్లాన్’ పందెం మొదలైంది. 1983లో గ్రీకు పరుగుగాడు యానిస్ కూరోస్ 22 గంటల లోపే ఆ దూరాన్ని పూర్తిచేసి లోకాన్ని విస్మయపరిచాడు.

దక్షిణాఫ్రికాలోని ‘కామ్రేడ్స్’ పరుగు కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన సహచరుల స్మృత్యర్థం విక్ క్లాఫమ్ 1921లో ఈ పందెం ఆరంభించాడు. డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల నడుమ దూరం సుమారు 90 కిలోమీటర్లు. సౌహార్దం పేరిట పుట్టిన ఈ పందెం నల్లజాతివారికీ, స్త్రీలకూ అధికారికంగా తలుపులు తెరిచింది 1975లో. అంతకు ముందు పరుగెత్తినవారు లేకపోలేదు. ఫ్రాన్సెస్ హేవార్డ్ అనే మహిళ 1923లోనే ఆ దూరాన్ని పూర్తిచేసింది. కాని ఆమె పరుగుకు అధికారికమైన గుర్తింపు లభించలేదు. 1989లో శామ్ చబలాలా ఆ పందెంలో గెలిచిన మొదటి నల్లజాతీయుడయ్యాడు. బాట అందరి ఊళ్ళ మీదుగా పోయినంత మాత్రాన పరుగు అందరిదీ కాదని, దానిని అందరిదిగా చేయడానికి ప్రత్యేక ప్రయత్నం కావాలని ఈ చరిత్ర బోధిస్తుంది.

పుట్టుకా, బ్రతుకా?

బస్తర్ గిరిజనులతో పోల్చదగిన వారు మెక్సికో దేశంలో ఉన్నారు. చిహువాహువా రాష్ట్రంలోని లోతైన లోయలలో నివసించే రారామురీ జాతీయులను బయటివారు తారాహుమారా అని వ్యవహరిస్తారు. వారు రెండు జట్లుగా విడిపోయి కొయ్యబంతిని పాదంతో చిమ్ముతూ గంటల తరబడి పరుగెత్తుతారు. పాత టైరు ముక్కలతో చేసిన చెప్పులే వారి పాదరక్షలు. 1993లో అమెరికాలోని లెడ్‌విల్ వద్ద జరిగిన 100 మైళ్ళ పందెంలో 55 ఏళ్ళ విక్టోరియానో చుర్రో అనే రారామురీ రైతు ప్రథముడుగా నిలిచాడు. 2017లో లొరేనా రమిరేజ్ అనే యువతి తమ సంప్రదాయపు పావడాతో, చెప్పులతో పరుగెత్తి 50 కిలోమీటర్ల పందెంలో గెలిచింది.

ఇటువంటి విజయాలను చూసి, వారు పుట్టుకతోనే పరుగువీరులన్న అభిప్రాయం లోకంలో ప్రబలింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేనియల్ లీబర్‌మన్, ఆయన సహచరులు 2020లో ప్రచురించిన పరిశీలనలో ఈ అభిప్రాయాన్ని ఖండించారు. ఆ శక్తి రక్తంలో పుట్టినది కాదు. నిత్యం కొండలెక్కి దిగడం, పొలం పని, వేట, నృత్యం, సామూహికమైన ఆటలు కలిసి దానిని నిర్మించాయి. పైగా వారికి పరుగు కేవలం పందెం కాదు; ప్రార్థన, సమాజ బంధం కూడా.

ఈ విషయం బస్తర్‌కు అక్షరాలా వర్తిస్తుంది. ‘అడవి బిడ్డలు, పుట్టుకతోనే పరుగెత్తగలరు’ అనే మాట పొగడ్తలా వినిపిస్తుంది. కాని అందులో ఒక ప్రమాదం దాగి ఉంది. పుట్టుకతోనే వస్తే శిక్షణ ఎందుకు, పౌష్టికాహారం ఎందుకు, వైద్య పరీక్ష ఎందుకు అన్న ఉదాసీనతకు అది దారి తీస్తుంది. పదిమైళ్ళు నడిచి సంతకు వెళ్ళే బాలిక కాళ్ళకు బలం వచ్చిన మాట నిజమే. ఆ నడక ఆమె ఎంచుకున్నది కాదన్న మాట కూడా అంతే నిజం.

శరీరం లెక్కలు

దూరపు పరుగులో శరీరం ఒక గృహిణి వలె ఖర్చు లెక్క చూసుకోవలసి ఉంటుంది. స్థూలంగా చెప్పాలంటే, ఒక కిలోమీటరు పరుగుకు శరీర బరువులో కిలోకు ఒక కెలోరీ చొప్పున శక్తి ఖర్చవుతుంది. 60 కిలోల మనిషి 21 కిలోమీటర్లు పరుగెత్తితే సుమారు 1,260 కెలోరీలు, 42 కిలోమీటర్లకు సుమారు 2,520 కెలోరీలు కావాలి. కండరాలలోనూ, కాలేయంలోనూ పిండిపదార్థ రూపంలో ఉండే నిల్వ సుమారు 2,000 కెలోరీలు. అందుచేతనే అర్ధ మారథాన్‌ను నిల్వతో ముగించవచ్చు గాని, పూర్తి మారథాన్‌లో 30 కిలోమీటర్లు దాటాక చాలామందికి కాళ్ళు మొరాయిస్తాయి. క్రమమైన సాధన వల్ల శరీరం కొవ్వును ఎక్కువగా వాడుకోవడం నేర్చుకుంటుంది, నిల్వ పొదుపవుతుంది.

రెండవది నీరు. చెమటతోపాటు ఉప్పు కూడా పోతుంది. తగినంత నీరు త్రాగకపోవడం ఎంత ప్రమాదమో, గంటల తరబడి ఉత్త నీటినే అతిగా త్రాగడం అంత ప్రమాదం. రక్తంలో ఉప్పు పలచబడిపోతుంది. బస్తర్‌లో పనికి వెళ్ళేవారు ఎండిన సొరకాయ బుర్రలో ‘మండియా పేజ్’ నింపుకొని పోతారు. అది మన రాగి అంబలి వంటిదే. ఆ బుర్రను అక్కడ ‘తుంబా’ అంటారు. దప్పికకు నీరూ, ఆకలికి పిండీ ఒకే బుర్రలో లభిస్తాయి. నేటి పరుగుగాళ్ళు సీసాలలో కొనుక్కునే పానీయాల వెనుక ఉన్న సూత్రం కూడా ఇదే.

మూడవది రక్తం. కండరాలకు ప్రాణవాయువును చేరవేసేది రక్తంలోని హిమోగ్లోబిన్. మలేరియా పదేపదే వచ్చిన శరీరంలో అది క్షీణిస్తుంది. 2020 జనవరిలో ఆరంభమైన ‘మలేరియా రహిత బస్తర్’ ఉద్యమంలో ఆరోగ్య కార్యకర్తలు వాగులు దాటి, కాలినడకన గ్రామాలకు వెళ్ళి, జ్వరం లేనివారికి సైతం రక్త పరీక్షలు చేశారు. పతకాలు లేని దూరపు నడక అది.

మధ్య భారతపు గిరిజనులలో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ సమస్య మరొకటి. ఈ వ్యాధిలో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారతాయి. వ్యాధి లేకుండా ఆ లక్షణాన్ని మాత్రమే తల్లి నుంచి గాని తండ్రి నుంచి గాని పొందినవారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు; ఆటలాడవచ్చు. అయితే తీవ్రమైన ఎండలో, నీరు తగ్గిన స్థితిలో, శక్తికి మించి పరుగెత్తితే అరుదుగా ప్రాణాపాయం కలుగుతుంది. వారిని మైదానం నుంచి తరిమివేయడం పరిష్కారం కాదు. ముందుగా పరీక్ష చేయడం, సాధనను మెల్లగా పెంచడం, నీరు, విశ్రాంతి సమకూర్చడం పరిష్కారం. 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించే లక్ష్యంతో జాతీయ పథకం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో ప్రారంభమైంది. పరుగు పోటీకి పేరు నమోదు చేసే బల్ల పక్కనే రక్త పరీక్ష బల్ల కూడా ఉండడం ఎంతో అవసరం.

పరుగు ముగిసిన మరునాడు

అవకాశం లభిస్తే ఈ ప్రాంతం యువత ఏమి సాధించగలదో నారాయణపూర్ ఇప్పటికే చూపింది. అక్కడ 1985లో నెలకొన్న రామకృష్ణ మిషన్ ఆశ్రమం మారుమూల గ్రామాల పిల్లలకు చదువుతోపాటు ఆటలు నేర్పింది. 20 ఏళ్ళ లోపువారి స్వామి వివేకానంద జాతీయ ఫుట్‌బాల్ పోటీలు 2024లో ఆ పట్టణంలోనే జరిగాయి. అబూఝ్‌మాడ్ మల్లఖంబ్ బృందంలోని బాలురు 2023లో దేశవ్యాప్తంగా ప్రసారమైన టెలివిజన్ పోటీలో ప్రథమ స్థానం పొందారు. ఇవేవీ ఒక్కరోజు ఉత్సవాల ఫలితాలు కావు. ఏళ్ళ తరబడి ప్రతి ఉదయం మైదానంలో నిలిచిన గురువుల శ్రమ వాటి వెనుక ఉంది.

2024లో జరిగిన బస్తర్ ఒలింపిక్స్‌లో సుమారు 1,65,000 మంది పాల్గొన్నారు. ఆయుధం విడిచి వచ్చినవారికీ, మందుపాతరల పేలుళ్ళలో అవయవాలు కోల్పోయినవారికీ అందులో ప్రత్యేక పోటీలు ఏర్పాటు చేశారు. ఒకప్పుడు ఎదురెదురుగా నిలిచిన కుటుంబాల పిల్లలు ఒకే గీత మీద నిలబడడం చిన్న విషయం కాదు. అయితే గాయం మానడానికి పందెం ఒక్కటే చాలదు. బిహారుకు చెందిన సైనికుడు శివనాథ్ సింగ్ చెప్పులు లేని పాదాలతోనే పరుగెత్తేవాడు. 1978లో ఆయన జాలంధర్‌లో 2 గంటల 12 నిమిషాలలో పూర్తిచేసిన మారథాన్ నాలుగు దశాబ్దాలకు పైగా జాతీయ రికార్డుగా నిలిచింది. ఆయన పాదాలకు బలం పల్లె ఇచ్చి ఉండవచ్చు. దానికి క్రమశిక్షణనూ, అన్నాన్నీ, జీతాన్నీ ఇచ్చింది సైన్యం. బస్తర్ బాలికకు కావలసినదీ అటువంటి ఆధారమే. పరుగు ముగిసిన మరునాడు ఆమెకు ఒక వసతి గృహం, ఒక శిక్షకుడు, ఆగకుండా సాగే చదువు, తన భాషలో మాట్లాడే వైద్యుడు కావాలి.

నారాయణపూర్ నుంచి బాసింగ్ వైపు పట్టణంవారు పరుగెత్తి వెళ్ళడంతో సగం పని పూర్తయింది. కొండలలోని పిల్లలు అదే బాటన బడికీ, ఆసుపత్రికీ, మైదానానికీ నిర్భయంగా వచ్చి, సాయంకాలానికి క్షేమంగా ఇల్లు చేరగలగడం మిగిలిన సగం. ఆ రాకపోకలు నిత్యకృత్యమైన నాడు ‘అబూఝ్’ అనే మాట పటంలో ఒక పేరుగా మాత్రమే మిగులుతుంది.